క్లచ్ అరిగిందా, పాడైందా?



ఈ రోజు మాట కారు గురించి. "మాకు కారెక్కడిది?" అని నవ్వకండి. ఇవాళ పల్లెల్లో కూడా కిరాయికి తిప్పే కార్లున్నాయి. ఆటోలున్నాయి. వాటి మీద అప్పులున్నాయి. ఆ అప్పు కాయితాల మీద ఆడవాళ్ల సంతకాలూ ఉన్నాయి. సంతకం పెట్టినవాళ్లకు బండి సంగతి కొంతైనా తెలియాలి కదా.

ఒక ఇల్లాలు ఉందనుకుందాం. ఆమె భర్త పదేళ్లు ఇంకొకరి కారు నడిపాడు. చివరికి సొంతంగా కారు కొన్నారు. ధర ఆరు లక్షలు. చేతి డబ్బు లక్షన్నర కట్టారు. అందులో ఆమె పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు కూడా ఉంది. మిగతాది బ్యాంకు ఇచ్చింది. బండి తిరిగితేనే నెల కిస్తీ. కిస్తీ కట్టగా మిగిలితేనే పొయ్యి మీద ఎసరు.

ఏడో నెల వచ్చింది. బండి 14,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకనాడు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గట్టిగా అరిచింది. బండి మాత్రం ముందుకు పోలేదు. మాడు వాసన కొట్టింది. ఇంకో బండికి కట్టి కంపెనీ షెడ్డుకు లాక్కెళ్లారు.

అక్కడ కౌంటరు దగ్గర కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"క్లచ్ ప్లేటు పోయిందమ్మా. అది అరిగే సామాను. వారంటీ రాదు. పన్నెండు వేలవుతుంది."

బండి కింద ఇంకా ఎవరూ దూరనే లేదు. ఒక్క బోల్టు కూడా విప్పలేదు. విప్పకుండా ఎలా తెలిసింది? ఆమెకు వచ్చిన మొదటి అనుమానం అదే. సరైన అనుమానం.

క్లచ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. రెండు కంచాలు తీసుకోండి. మధ్యలో గరుకు గోనె ముక్క పెట్టి గట్టిగా అదమండి. కింది కంచం తిప్పితే పై కంచం కూడా తిరుగుతుంది. పట్టు వదిలితే పైది ఆగిపోతుంది. కారులో కింది కంచం లాంటిది ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం. పైనుంచి అదిమిపట్టేది ప్రెషర్ ప్లేటు. మధ్యలో గోనె ముక్క లాంటిది క్లచ్ ప్లేటు. ఇంజను బలం ఆ ప్లేటు గుండానే చక్రాలకు పోతుంది. డ్రైవరు కాలితో పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది. అప్పుడు గేరు మార్చుకోవచ్చు.

ఆ ప్లేటు మీది గరుకు పొర రాపిడికి అరుగుతుంది. అరగడం దాని గుణం. పలుపు అరిగినట్టే. కానీ జాగ్రత్తగా నడిపితే చాలా కార్లలో యాభై, అరవై వేల కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించీ వస్తుంది. పద్నాలుగు వేలకే పోయిందంటే రెండే దారులు. నడిపిన తీరులో అయినా తప్పుండాలి. బండిలో అయినా లోపముండాలి.

నడిపే తీరులో తప్పులు ఎలా ఉంటాయి? ఊరికే పెడల్ మీద కాలు ఉంచి నడపడం. ఎత్తులో బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద బండిని నిలబెట్టడం. ఐదుగురి బండిలో తొమ్మిది మందిని ఎక్కించడం. ఇలా చేస్తే పొర కాలిపోతుంది. దానికి కంపెనీ పూచీ ఉండదు.

అందుకే ఆమె ముందు భర్తనే అడిగింది. "ఏమయ్యా, నిజం చెప్పు. పెడల్ మీద కాలేసుకుని నడుపుతావా?" అతను కాసేపు ఊరుకున్నాడు. "పట్నం రద్దీలో ఎప్పుడన్నా. రోజూ కాదు" అన్నాడు. ఈ ప్రశ్న ఇంట్లోనే తేల్చుకోవడం మేలు. షెడ్డులో వాళ్లు ఎలాగూ అడుగుతారు.

బండిలో లోపం ఎలా ఉంటుంది? పొర అరగకుండానే ముక్కలుగా ఊడి రావచ్చు. ప్లేటులోని స్ప్రింగులు విరగవచ్చు. ఇంజను వెనక నూనె బయటికి రాకుండా ఒక సీలు ఉంటుంది. అది సరిగా లేకపోతే నూనె కారి ప్లేటు మీద పడుతుంది. గోనె ముక్క మీద నూనె పోస్తే కంచాలు జారవా? అలాగే క్లచ్ జారుతుంది. జారితే వేడెక్కుతుంది. మాడు వాసన వస్తుంది. బయటికి చూస్తే రెండూ ఒకటే వాసన. లోపల చూస్తేనే తేడా తెలిసేది. మేకుల దాకా సమంగా అరిగితే వాడకం. పొర మందంగానే ఉండి నూనెలో నానితే అది వేరే కథ.

ఇక వారంటీ పుస్తకం. కొన్న రోజున ఇస్తారు. బీరువాలో పడేస్తాం. ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆమె కూతురు పదో తరగతి. కూతురు చదివి చెప్పింది, ఆమె నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంది. మూడు సంగతులు దొరికాయి. ఒకటి, ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకే వారంటీ. కిరాయి బండికి ఈ లెక్క గట్టిగా చూసుకోవాలి. ఏళ్లు ఉన్నా కిలోమీటర్లు అయిపోతాయి. రెండు, సర్వీసులు వేళకు చేయించాలి. ఆమె దగ్గర ఆ బిల్లులన్నీ ఉన్నాయి. మూడోది అసలు సంగతి. క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, వైపర్ రబ్బర్లు మామూలు వాడకంలో అరిగితే వారంటీ లేదని రాసి ఉంది. తయారీ లోపం ఉంటే సామాను మారుస్తామనీ రాసి ఉంది. కౌంటరు కుర్రాడు మొదటి మాటే చెప్పాడు. రెండోది చెప్పలేదు.

మర్నాడు ఆమె భర్తతో కలిసి షెడ్డుకు పోయింది.

"బాబూ, వారంటీ రాదన్నారు కదా. ఆ మాట కాయితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వండి."

కుర్రాడు మేనేజరు వైపు చూశాడు. నోటితో కాదనడం సులువు. కాయితం మీద కాదనాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే విప్పాలి.

"విప్పితే కూలి అవుతుందమ్మా. లోపం మాది కాకపోతే ఆ కూలి మీరే ఇవ్వాలి" అన్నాడు మేనేజరు. ఇది మామూలు పద్ధతే. ఆమె ఒప్పుకుంది. కానీ జాబ్ కార్డు మీద భర్త చేత ఒక మాట రాయించింది. "మా ఎదుటే విప్పాలి. పాత సామాను మాకు చూపాలి." ఆ తర్వాతే అతను సంతకం పెట్టాడు. నకలు తీసుకున్నారు.

విప్పారు. ప్లేటు నూనెలో నానివుంది. పొర ఇంకా మందంగానే ఉంది. కూతురు ఫోన్లో ఫొటోలు తీసింది. కిలోమీటర్ల మీటరు కూడా ఫొటో తీసింది. ఆ పని ఎంతో తెలివైనది.

అయినా మేనేజరు దిగిరాలేదు. "పైవాళ్లను అడగాలి" అన్నాడు. రోజులు గడిచాయి. బండి విప్పిందలాగే ఉంది. ఈలోగా కిస్తీ తేదీ వచ్చింది. కంపెనీతో తగువుందని బ్యాంకు ఆగదు. ఆమె చెవి దుద్దులు తాకట్టు పెట్టి కట్టింది.

అప్పుడు ఆమె 1915 నంబరుకు ఫోను చేసింది. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు రాసుకుని ఒక నంబరు ఇస్తారు. కంపెనీకి పంపుతారు. వాళ్లు తీర్పు చెప్పరు. ఆ సంగతీ తెలిసి ఉండాలి. ఆమె కంపెనీ పెద్ద ఆఫీసుకు ఉత్తరం కూడా రాసింది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకుంది.

ఇరవై మూడో రోజున కంపెనీ ఇంజనీరు వచ్చి చూశాడు. సీలు, క్లచ్ రెండూ వారంటీలోనే మార్చారు. కూలి కూడా తీసుకోలేదు.

బండి తీసుకునేటప్పుడు ఒక కాయితం ముందు పెట్టారు. భర్త పెన్ను తీశాడు. "ఆగు, చదవనీ" అంది ఆమె. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. "పూర్తిగా పరిష్కారమైంది, ఇక ఎలాంటి దావా చేయము" అని ఉంది. మరి ఇరవై మూడు రోజుల కిరాయి? తాకట్టు వడ్డీ? ఆ వాక్యం కొట్టేయించి, "సామాను మార్చారు, బండి అందింది" అని రాయించింది. తర్వాతే సంతకం.

నష్టం అడగాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. జనం ఇంకా ఫోరం అనే అంటారు. 1986 నాటి చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. 2020 జులై నుంచి అమలవుతోంది. కొత్త చట్టంలో ఆడవాళ్లకు పనికొచ్చే మార్పు ఒకటుంది. బండి ఎక్కడ కొన్నా సరే, తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఐదు దాటి పది లక్షల లోపైతే 200 రూపాయలు. వకీలు ఉండాలని లేదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. లోపం చూపాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లే. అవసరమైతే కమిషన్ ఆ సామానును పరీక్షకు పంపిస్తుంది. అందుకే పాత ప్లేటు పారేయకూడదు. బయట మెకానిక్ చేత ముందే విప్పించకూడదు.

మేనేజరు ఇంకో మెలిక పెట్టాడు. "కిరాయి బండికి ఆ చట్టం చెల్లదు" అన్నాడు. అది సగం నిజం. 1995లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. బతుకుతెరువు కోసం తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఫరవాలేదు. కానీ బండి కొని పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపిస్తే ఈ చట్టం కిందికి రాడు. ఈ ఇంట్లో భర్తే కొన్నాడు, భర్తే నడుపుతున్నాడు. కాబట్టి చెల్లుతుంది. నాలుగు బండ్లు కొని జీతగాళ్లను పెట్టినవాళ్లకు చెల్లదు.

"కొత్త కారే ఇమ్మని అడుగుదాం" అన్నాడు భర్త. ఆమెకూ ఆశ పుట్టింది. కానీ 2006లో ఇంకో కారు కేసులో సుప్రీంకోర్టు అలా ఒప్పుకోలేదు. పాడైన సామాను బాగుచేయడం, మార్చడం వరకే వారంటీ అంది. మొత్తం బండి మార్చమన్న కింది తీర్పును పక్కన పెట్టింది. అందుకని ఆమె అడగదగ్గదే అడిగింది. ఇరవై మూడు రోజుల కిరాయి నష్టం, లాక్కెళ్లిన ఖర్చు, తాకట్టు వడ్డీ. రోజుకు ఎంత వస్తుందో భర్త రాసుకునే చిన్న పుస్తకం ఉంది. దాని నకలు జతచేసింది.

ఫిర్యాదు నాలుగు పేజీలు అయింది. తప్పులు కూతురు దిద్దింది. ఫీజు 200 కట్టారు. మొదటి వాయిదా తేదీని ఆమె గోడ మీది క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టింది.