మామ్మగారి మూడు చక్రముల బండి
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా తాతగారు కంగాణీ వెంట ఓడ ఎక్కి మలయా వచ్చి, రబ్బరు చెట్లు గీసి బ్రతికినవారు. మేము వారి మనుమల తరము. బడిలో మలయ్ భాషలో చదివి, అదే భాషలో పిల్లలకు విద్యుత్తు పాఠములు చెప్పినవారము. తెలుగు అక్షరములు మాత్రము పెద్దయిన తరువాత సాయంకాలపు తరగతిలో దిద్దుకొన్నాము. మా మాటలో తప్పులుంటే మన్నించండి.

కార్యదర్శిగారు మమ్ములను భాషను గురించి మాట్లాడమన్నారు. మేము ఒక బండిని గురించి మాట్లాడదలచాము. ఆ బండి మా తరగతి కోసమే తయారైనది.

మా తరగతికి ఒక మామ్మగారు వచ్చేవారు. ఎనభై ఏండ్లు దాటినవారు. మేము పుస్తకము చూచి అక్షరాలు చెబితే, ఆమె పుస్తకము లేకుండా సామెతలు, పొడుపుకథలు చెప్పేవారు. పిల్లలు మా పాఠానికి కాదు, ఆమె కథలకే వచ్చేవారన్నది నిజము. మోకాళ్ల నొప్పులు ముదిరి ఆమె రావడం మానగానే తరగతిలో సగము బల్లలు ఖాళీ అయినవి. అప్పుడు మా పెద్దపిల్లలు ఒక పాత మూడు చక్రముల సైకిలు తెచ్చి, "మాస్టారూ, దీనికి మోటారు పెడదాం" అన్నారు. తోట లోపలి బాటమీద ఆమె ఇంటినుండి హాలు వరకే నడపాలని, పెద్దరోడ్డు ఎక్కించరాదని నియమము పెట్టుకొన్నాము.

ముందు చక్రములో 48 వోల్టుల, 500 వాట్ల మోటారు. సీటు క్రింద 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, వరుసగా కలిపినవి. ఈ రెంటికీ నడుమ కంట్రోలరు. ఇది చేసే పనిని పిల్లలకు తిరగలితో చెప్పాము. ముగ్గురు చుట్టూ కూర్చొని తిరగలి తిప్పుతున్నారనుకోండి. పిడి ఎవరి ముందుకు వస్తే వారే తొయ్యాలి. ముగ్గురూ ఒక్కసారే తోస్తే రాయి కదలదు. మోటారులో మూడు చుట్ల వర్గములు ఉన్నవి. వాటికి మూడు లావు తీగలు. పిడి ఎక్కడ ఉన్నదో చెప్పేవి హాల్ సెన్సారులు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మముతో పనిచేస్తవి గనుక వాటికి ఆ పేరు. వాటి మాట విని, కంట్రోలరులోని మోస్‌ఫెట్ అనే స్విచ్చులు ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఇస్తవి.

తీగలు కలిపేటప్పుడు మేము పాటించిన వరుస ఇది. ముందుగా చేతి ఉంగరములు, గాజులు, గడియారములు తీసివేయాలి. బ్యాటరీ ధన కొసకు దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ఆ తరువాత మోటారు లావు తీగలు మూడు, హాల్ సన్న తీగలు అయిదు, చేతిపిడి యాక్సిలరేటరు తీగలు మూడు, బ్రేకు స్విచ్చి, తాళము. బ్యాటరీ తీగ అన్నిటికన్న చివర. కంట్రోలరులోని కెపాసిటరులు ఖాళీగా ఉండి ఒక్కసారిగా కరెంటు గుంజుకొంటవి. టప్పున నిప్పురవ్వ లేస్తుంది. అందుచేత మొదట 100 ఓముల రెసిస్టరు గుండా కొన్ని సెకండ్లు నింపి, తరువాతనే నేరుగా కలపాలి. మొదటి పరీక్షలో చక్రము నేలకు తగలకుండా ఎత్తి పెట్టాలి.

బండి నడిచింది. మామ్మగారు తిరిగి వచ్చారు. బల్లలు నిండినవి.

వానాకాలము గడిచిన తరువాత బండి మొండికేసింది. చదును నేలమీద బాగానే పోయేది. హాలు ముందరి ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోయేది. ఒక నిమిషము ఆగి తాళము తిప్పితే మరల కదిలేది. బ్యాటరీకి మీటరు పెడితే 51 వోల్టులు చూపింది. అంటే నిండుగా ఉన్నట్లే. ఫ్యూజు బాగున్నది. అతుకులకు ఇరువైపులా మీటరు పెడితే ప్రతిచోటా బీప్ మన్నది. ఇక మిగిలినది కంట్రోలరే అని తీర్పు చెప్పి, తరగతి పిల్లలు పోగుచేసిన డబ్బుతో కొత్తది కొన్నాము. బిగించాము. బండి అదే ఎత్తుమీద, అదే చోట ఆగిపోయింది. మామ్మగారు దిగి కర్ర పట్టుకొని నడిచారు. పిల్లలు మా ముఖము చూడలేదు.

అప్పుడు మేము మొదటనే చేయవలసిన పని చేశాము. బండి ఆగి ఉన్నప్పుడు కాదు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు కొలిచాము. పొడుగు తీగలతో రెండు మీటర్లను పిడికి కట్టి, ఒక కుర్రవానిని నడపమన్నాము. కరెంటు 20 ఆంపియర్లకు చేరినప్పుడు బ్యాటరీ దగ్గర 47 వోల్టులు, కంట్రోలరు దగ్గర 41. ఈ కంట్రోలరు 42కు తగ్గితే బ్యాటరీని కాపాడటానికి తానే ఆగిపోతుంది. అది తన ధర్మము తాను చేసింది. మధ్యలో పోయిన 6 వోల్టులు ఏమైనవి? 20 ఆంపియర్లతో హెచ్చవేస్తే 120 వాట్లు. 40 వాట్ల సోల్డరింగు ఐరన్లు మూడు ఒకేచోట వెలిగించినంత వేడి!

ఎక్కడ అని వెదికాము. సీటు ఎత్తాము. నల్ల తీగలో ఒక అతుకు. రెండు కొసలు మెలివేసి టేపు చుట్టినది. టేపు కరిగి జారింది, రాగి నల్లబడింది. సరిగ్గా మామ్మగారు కూర్చొనే చోటు క్రింద.

ఆ అతుకు మాదే. మొదటి రోజున లగ్గులు సరిపోక, "ఇప్పటికి టేపు చుట్టండి, తరువాత గట్టిగా చేద్దాం" అని పిల్లలకు చెప్పినవారము మేమే. ఆ తరువాత అన్నది రాలేదు. విద్యుత్తు పాఠము చెప్పినవారము కూడా మేమే. ఫ్యూజు ఎందుకు పోలేదని పిల్లలు అడిగారు. ఫ్యూజు హెచ్చు కరెంటునే పట్టుకొంటుంది. వదులు అతుకు కరెంటును పెంచదు, అక్కడే వేడిని పెంచుతుంది. బీప్ పరీక్షకు మీటరు పంపేది అతి స్వల్పమైన కరెంటు. దానికి కుళ్లిన అతుకు కూడా మంచి అతుకులాగే కనబడుతుంది.

లగ్గులు నొక్కి, బోల్టుతో బిగించి, పైన రబ్బరు తొడుగు వేశాము. పాత కంట్రోలరునే తిరిగి పెట్టాము. ఎత్తు ఎక్కింది. కొత్తది ఈనాటికీ మా బీరువాలో ఉన్నది, మా తొందరపాటుకు సాక్షిగా.

ఇటువంటి బండి మీ ఇంట ఉంటే ఈ వరుస గుర్తుంచుకోండి. అసలే కదలకపోతే ముందు తాళము తీగలో బ్యాటరీ వోల్టేజి చూడండి. తరువాత యాక్సిలరేటరుకు 5 వోల్టులు వస్తున్నవా, పిడి తిప్పితే దాని సంకేతము సుమారు 1 నుండి 4 దగ్గరకు పెరుగుతున్నదా చూడండి. బ్రేకు స్విచ్చి ఇరుక్కొని ఉన్నా మోటారు తిరగదు. చక్రము చేతితో మెల్లగా తిప్పితే ఒక్కొక్క హాల్ తీగ 0కు, 5కు మారుతుండాలి. చక్రము బరువుగా తిరిగి, లావు తీగలు మూడూ ఊడదీయగానే తేలికైతే, అప్పుడు కంట్రోలరును అనుమానించండి. అంతకు ముందు కాదు.

జరిగినదంతా మామ్మగారికి చెప్పి క్షమించమన్నాము. ఆమె నవ్వి, "ముడి లాగి చూడలేదా బాబూ? మా కాలంలో రబ్బరు పాల కావడి భుజానికెత్తే ముందు ప్రతి ముడీ లాగి చూసేవాళ్లం. చూడకుండా ఎత్తితే పాలన్నీ నేలపాలే" అన్నారు.

మా తాతగారు కూడా ఆ కావడి మోసినవారే. ఆ మాట మా ఇంటిలోనే ఉండవలసినది. వారి దగ్గర కూర్చొని వినలేదు గనుక, మేము దానిని కాలిన అతుకు దగ్గర నేర్చుకొన్నాము. ఇప్పుడు మా తరగతిలో ఏ తీగ కలిపినా, పిల్లలు లాగి చూచి, "ముడి చూశాం మాస్టారూ" అని తెలుగులో చెప్పిన తరువాతనే తాళము తిప్పుతారు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలను తరగతికి పంపండి. పెద్దవారిని కూడా తీసుకురండి. నడవలేనివారికి బండి ఉన్నది.