నొప్పిని ఆలకించే శిక్షణ



సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు పద్మశాలి కుటుంబాలు చిరకాలంగా నివసిస్తున్నాయి. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నుండి తరలి వెళ్లిన నేత కార్మికులు ఆ నగర వస్త్ర పరిశ్రమకు ఎంతో తోడ్పడ్డారు. పన్నెండేసి గంటలు నిలబడి మరమగ్గాలు నడిపేవారికి నడుము, మెడ, మోకాళ్ల నొప్పులు కొత్త కావు.

మూడు నెలలకు మించిన నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. గాయం మానినా అది నిలిచిపోవచ్చు. మందు మాత్రమే దానికి చాలదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో పనిచేసిన మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ 1976లో వెలువరించిన గ్రంథంలో రోగి నడవడికను క్రమంగా మార్చే చికిత్సను వివరించాడు. నొప్పి కల్పితమని దీని భావం కాదు. నొప్పి తగ్గిన నాడు శక్తికి మించి శ్రమించడం, హెచ్చిన నాడు మంచం పట్టడం అనే చక్రాన్ని ఛేదించడమే ఇందలి ఆశయం. పనికీ విరామానికీ నొప్పి కాక గడియారం కొలత కావాలి. నడకను, వ్యాయామాన్ని కొద్దికొద్దిగా పెంచాలి.

ఈ చికిత్సకు రోగితో తరచుగా మాట్లాడే నర్సే ఆధారం. కనుక శిక్షణలో ఆమె ప్రథమంగా నేర్వవలసినది ప్రశ్నించే పద్ధతి. "నొప్పి ఎంత?" అనడంతో సరిపెట్టక, "ఏ పని మానుకున్నావు? ఏ పని తిరిగి చేయగోరుతున్నావు?" అని అడగాలి. మీటరు లెక్కన కూలి పొందే కార్మికునికి పదిహేను రోజుల విశ్రాంతి చెప్పడం పస్తులుండమనడమే. పని నడుమ ఎప్పుడెప్పుడు నడుము చాచగలడో అతనితో కలిసి నిర్ణయించడం సాధ్యమైన మార్గం. కాళ్లు బలహీనపడినా, మూత్రంపై అదుపు తప్పినా తక్షణం వైద్యుని వద్దకు పంపాలి.

ఇక భాష సంగతి. తెలుగువాడు పోటు, సలుపు, మంట, తిమ్మిరి అని వేరువేరుగా చెప్పే బాధలన్నీ ఆసుపత్రిలో హిందీ 'దర్ద్'గానో, గుజరాతీ 'దుఖావో'గానో ఒక్క మాటలో ఇమిడిపోతాయి. మంటకూ తిమ్మిరికీ నరాలు కారణం కావచ్చు. ఆ భేదం మరుగున పడితే చికిత్సయే దారి తప్పవచ్చు. గుజరాతీ నర్సు ఈ నాలుగు తెలుగు మాటలనూ, గంజాం నుండి వచ్చిన ఒడియా కార్మికుని మాటలనూ నేర్చుకోవడం శిక్షణలో భాగం కావాలి. జాతీయ సమైక్యత సభావేదికలపైనే కాదు, రోగి మంచం పక్కన కూడా ఆచరణలోకి రావాలి.