పెట్టె ముందు నానమ్మ
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగినప్పుడు నేను జంకాను. నేను పండితురాలిని కాను. బడిలో మలయ్ భాషలో భూగోళం బోధించి విరమించినదాన్ని. తెలుగు అక్షరాలు నలభై ఏళ్ళు దాటిన తరువాత, సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్నాను. ఒత్తులు తప్పితే పెద్దలు మన్నించాలి. సంస్కృతిని గూర్చి చెప్పడానికి నాకన్న తెలిసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మా ఇంటి టెలివిజన్ పెట్టెను గూర్చి చెబుతాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుండి వచ్చారు. చెన్నపట్నంలో ఓడ ఎక్కి, పినాంగులో దిగి, పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో దగ్గర ఒక కొబ్బరి తోటలో పనికి కుదిరారు. మా నాన్న అక్కడే పుట్టారు. నేనూ ఆ లైను ఇళ్ళలోనే పుట్టాను. మీలో చాలామంది కథ కూడా ఇదే కనుక దీన్ని పొడిగించను.

మన మలేసియాలో టెలివిజన్ 1963 డిసెంబరు 28న మొదలయింది. 1969లో రెండవ ఛానలు వచ్చింది. ఆ ఏడాదే కార్యక్రమాలన్నీ కౌలాలంపూరులోని అంగ్కాసాపురి భవనం నుండి రావడం మొదలయింది. ఆ పేరులో ఉన్నవి మన ‘ఆకాశము’, మన ‘పురి’యే. కాని ఆ ఆకాశపురి నుండి మలయ్, ఇంగ్లీషు, చైనా, తమిళ భాషలు మా ఇంటికి వచ్చాయి. నా చిన్నతనంలో ఆ పెట్టెలో తెలుగు విన్న గుర్తు నాకు లేదు.

మా నాన్న 1971లో ఒక పాత పెట్టె కొన్నారు. నాలుగు కాళ్ళు, ముందు మూసే తలుపులు. లైసెన్సు ఏడాదికి 24 రింగిట్లు. మా లైనులో కరెంటు లేదు. కారు బ్యాటరీకి తగిలించి చూసేవాళ్ళం. బ్యాటరీ అయిపోతే నాన్న దాన్ని సైకిలు వెనుక కట్టుకొని తెలుక్ ఆన్సన్ తీసుకువెళ్ళి చార్జి చేయించి తెచ్చేవారు. 1982 నుండి ఆ ఊరిని తెలుక్ ఇంతాన్ అంటున్నాం. బ్యాటరీ బలం తగ్గేకొద్దీ బొమ్మ నాలుగు వైపుల నుండి కుంచించుకుపోయేది. కథ ముగిసేలోగా బొమ్మ ఆరిపోకూడదని అందరం దేవుణ్ణి మొక్కేవాళ్ళం. చాప మీద ఇరవై మంది, కిటికీ దగ్గర పదిమంది.

పిల్లలు అడగవచ్చు, అమెరికా కథలు మా తోటకు ఎలా వచ్చాయి అని. మొదటి రోజుల్లో టెలివిజన్ నాటకాలు చాలావరకు అప్పటికప్పుడు ఆడి ప్రసారం చేసేవారు. అయిపోతే అయిపోయినట్టే. 1951లో ‘ఐ లవ్ లూసీ’ని ఫిలిం మీద తీశారు. ఫిలిం ఉంటే మళ్ళీ మళ్ళీ చూపవచ్చు, ఎన్నో స్టేషన్లకు విడివిడిగా అమ్మవచ్చు అని వ్యాపారులు గ్రహించారు. దీనినే సిండికేషన్ అంటారు. రీళ్ళు డబ్బాలలో ఒక స్టేషనుకు వెళ్ళి, అక్కడ ఆడిన తరువాత మరొక స్టేషనుకు వెళ్ళేవి. తోటలో పెళ్ళి గుండిగలు ఒక ఇంటి నుండి మరొక ఇంటికి వెళ్ళినట్టు అనుకోండి. అందుచేత అమెరికాలో 1959లో మొదలయిన ‘బొనాంజా’ మాకు ఎన్నో ఏళ్ళకు కొత్త కథ అయింది. మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలు మలయ్.

ఆ రోజుల్లో తోట హాలులో వారానికి మూడు సాయంత్రాలు గ్యాసు లైటు కింద తెలుగు చెప్పేవారు. చెప్పేది తోటలోనే పనిచేసే ఒక పెద్దాయన. జీతం లేదు. మేము గుణింతాల దాకా వచ్చాము. బొనాంజా వచ్చే వేళ, ఆ తరగతి వేళ ఒకటే. పిల్లలు ఒక్కొక్కరే జారిపోయారు. నేనూ జారిపోయాను. ఆయన రెండు వారాలు ఖాళీ బల్లల ముందు కూర్చొని, ఆ పైన పలకలు సర్దేశారు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, చాప చివర కూర్చొని, బొనాంజా చూసి వెళ్ళారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అలా చదువు పోయింది. మాట మాత్రం నిలిచింది. అది నిలవడానికి కారణం మా నానమ్మ.

నానమ్మకు ఇంగ్లీషు రాదు. మలయ్ సంతబేరానికి సరిపోయేంత వచ్చు. పెట్టె ముందు నా పక్కన కూర్చొని, రెండు నిమిషాలకు ఒకసారి అడిగేది: “ఏటంతన్నాడే ఆడు?” నేను తెలుగులో చెప్పాలి. బొనాంజాలో ఆ తండ్రికి ముగ్గురు భార్యలు పోయారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొడుకు అని చెబితే, “దశరథుడికీ ముగ్గురే కదే. మరి ఈ తండ్రి కొడుకులకి పెళ్ళిళ్ళు సెయ్యడేటి?” అంది. షెరిఫ్ అంటే ఏమిటో చెప్పలేక, ఊరికి పెద్ద, దొంగల్ని పడతాడు అన్నాను. “మునసబనాల,” అని దిద్దింది. నాకు తెలియని మాటలన్నీ అలా ఆమే అందించింది. ‘సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ వచ్చినప్పుడు, వాడు అందరికన్న వేగంగా పరుగెత్తుతాడు, అది తెలియడానికే బొమ్మను నెమ్మదిగా చూపుతారు అని చెప్పాను. ఆమె నమ్మలేదు. “అంత సొమ్మెట్టి సేసినోడు, మన ముసలెద్దు నాగ నడుస్తన్నాడేటే?” అంది. చాప మీద అందరూ నవ్వారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎక్కడా చెప్పలేదు.

1976లో ఒక రాత్రి ‘హవాయి ఫైవ్-ఓ’ వస్తోంది. నాకు పదహారేళ్ళు. పట్నం బడిలో చదువుతున్నాను. బడి స్నేహితురాలు ఒకతె మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చొంది. హంతకుడు దొరికే ఘట్టం. నానమ్మ అడిగింది: “ఏటంతన్నాడే ఆడు?” స్నేహితురాలి ముందు నాకు సిగ్గు వేసింది. నీకు అర్థం కాదులే, ఊరుకో అన్నాను. తెలుగులో కాదు, ఇంగ్లీషులో అన్నాను. ఆ మాటలు ఆమెకు తెలియవు. నా గొంతు మాత్రం తెలిసింది.

మరునాటి నుండి నానమ్మ పెట్టె ముందుకు రాలేదు. అరుగు మీద కూర్చొని కొబ్బరాకుల నుండి చీపురు పుల్లలు చీరుకొనేది. పిలిస్తే, “నువ్వు సూడవే, నాకు పనుంది,” అనేది. కోపం ఏమీ చూపలేదు. కథలు నిశ్శబ్దంగా చూడవచ్చునని నేను లోలోపల సంతోషించాను కూడా. 1978లో ఆమె పోయింది. ఆ ఏడాది చివర, డిసెంబరులో, మన దేశంలో రంగుల ప్రసారాలు మొదలయినాయి. రంగుల బొమ్మ ఆమె చూడలేదు.

తరువాత సంగతి మీకు తెలుసు. 1984లో టీవీ త్రీ వచ్చింది. 1996లో ఆస్ట్రో వచ్చింది. ఇంటికొక పెట్టె పోయి గదికొక పెట్టె అయింది. చాపలు చుట్టి మూల పెట్టాము.

సాయంకాలపు తరగతిలో ఒకనాడు మా గురువుగారు పల్లెటూరిని గూర్చి పది వాక్యాలు వ్రాయమన్నారు. నేను ‘మునసబు’ అని వ్రాశాను. “ఈ మాట మీకు ఎవరు చెప్పారమ్మా?” అని ఆయన ఆశ్చర్యపోయారు. బొనాంజా చూసి నేర్చుకొన్నానండి అన్నాను. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి.

టెలివిజన్ వల్ల మన తెలుగు పోయిందని పెద్దలు అంటారు. తెలుగు ఛానలు వస్తే పిల్లలకు తెలుగు వస్తుందని కొందరు అంటారు. నా అనుభవం వేరు. ఒక్క తెలుగు మాట లేని పెట్టె ముందే నేను తెలుగు నేర్చుకొన్నాను. ఎందుకంటే పక్కన ఒక మనిషి అడుగుతూ ఉంది, నేను చెప్పవలసి వచ్చింది. ఇప్పుడు ఫోనులో కావలసినన్ని తెలుగు సినిమాలు ఉన్నాయి. కాని ఎవరి చెవిలో వారు పెట్టుకొని వింటున్నాము. అడిగేవారు లేరు, చెప్పేవారు లేరు.

కనుక పెద్దలకు నా మనవి. పిల్లలు కొరియా కథ చూసినా, జపాను బొమ్మల కథ చూసినా, పక్కన కూర్చొని అడగండి. విసుక్కొంటారు, అయినా అడగండి. పిల్లలూ, మీకు ఒకటే మాట. మిమ్మల్ని అడిగే మనిషి ఎల్లకాలం పక్కన ఉండదు. వచ్చినంత తెలుగులోనే చెప్పండి. తప్పులు ఆమే దిద్దుతుంది.

పోయిన వారం మా మనవరాలు ఫోను చూస్తుంటే, నేను వెళ్ళి పక్కన కూర్చొని, “ఏటంతన్నాడే ఆడు?” అన్నాను. అది ఒక చెవి నుండి తీగ తీసి, నన్ను వింతగా చూసి, సగం తెలుగు, సగం మలయ్‌లో కథ మొదటి నుండి చెప్పింది. ఒక గంట పట్టింది. అది మాట కోసం తడుముకొన్నచోట నేను అందించాను.