కాలవినియోగము
(అన్నవరమున వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కాలవినియోగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా బడిగంట ననుసరించి బ్రతికినవారము గనుక మాకీ విషయమున నధికారము కలదని వారు తలచి యుందురు. ఆ యధికార మేపాటిదో తుదకు మీరే నిర్ణయింతురు గాక.

మనము కూడిన యీ క్షేత్రముననే కాలమునకొక గురుపీఠము కలదు. రత్నగిరిపై స్వామిని సేవించినవారిలో పెక్కుమంది దానిని చూచియే యుందురు. రాజమహేంద్రవర వాస్తవ్యులగు పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు నిర్మించిన నీడ గడియారమది. దానికి ముల్లులు లేవు. కీ త్రిప్ప బనిలేదు. సూర్యుడు నడచును, నీడ చెప్పును.

దేశమునకంతకును ప్రామాణిక కాలము 1906 జనవరి 1వ తేదీన నేర్పడినది. దానికాధారమైన 82½ డిగ్రీల తూర్పురేఖ అన్నవరమునకును తునికిని నడుమనే పోవుచున్నది. అందువలన స్థానభేదముచే గలుగు తేడా యిచ్చట సుమారు 24 సెకండ్లే. పెద్దల లెక్కలో నొక్క విఘడియ. అయినను నీడకును చేతి గడియారమునకును నిత్యము పొత్తు కుదరదు. భూమి వేగ మేడాదిపొడుగున నొక్కతీరున నుండకపోవుటచేతను, దాని యిరుసు వాలియుండుటచేతను, ఫిబ్రవరి నడుమ నీడ సుమారు 14 నిమిషములు వెనుకబడును. నవంబరు మొదట సుమారు 16 నిమిషములు ముందునకు బోవును. ఆ తేడా లెక్కకందినది గనుక సవరించుకొనవచ్చును. మన యాలస్యమునకట్టి సవరణ లేదు.

ఈ మాట మేము స్వానుభవమున నేర్చితిమి. కొన్ని సంవత్సరములక్రిందట నొక పేద విద్యార్థి విద్యార్థివేతనపు దరఖాస్తుపై మా సంతకము కోరి వచ్చెను. “సాయంకాలము చూతము” అని యా కాగితమును పంచాంగముక్రింద నుంచితిమి. ఆ నాలుగు దినములును మేము ఊరక కూర్చుండలేదు. బంధువుల యింటి పెండ్లికి విఘడియలతోసహా ముహూర్తము గుణించుచుంటిమి! ఐదవనాడు సంతకము చేసితిమి. గడువు ముందునాడే తీరినది. “ఫరవాలేదండి మాస్టారూ” అని యా పిల్లవాడు నమస్కరించి పోయెను. ఆ యేడాది కాలేజీకి బదులు బియ్యపుమిల్లులో బస్తాల లెక్క వ్రాసెను. మరుసటి యేడు చేరెను గాని, పోయిన యా సంవత్సరమును మేమే మిచ్చి తీర్పగలము?

“గడియ తీరిక లేదు, గవ్వ రాబడి లేదు” అను సామెత అట్టి మాబోటివారికే పుట్టినది. నాటినుండి మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. పరులకు సంబంధించిన కాగితము మాయింట రాత్రి నిద్రచేయరాదు. పరుండబోవుటకు ముందు మరునాటి పనులలో ముఖ్యమైనవి మూడు వ్రాసికొనవలెను, నాలుగవది వ్రాయరాదు. ఇంటిలోని వారందరు నొక్కవేళకే భోజనమునకు కూర్చుండవలెను. ఒక్కొక్కరొక్కొక్క వేళకు వచ్చినచో వంటయింటి పని తెమలదు. ఈ నియమము వలన మాయింటి యిల్లాలికి దినమునకు రెండు గడియలు, అనగా 48 నిమిషములు, మిగిలినవి. ఆ తీరికలో నామె భాగవతము చదువుకొనుచున్నది. ఇన్నాళ్లును ఆ గడియలను హరించినది మేమేకదా!

సభలకును ఇదియే న్యాయము. 300 మంది కూడినచోట అరగంట యాలస్యమైనచో 150 గంటలు పోయినట్లే. అందు కూలి మానుకొని వచ్చినవారును ఉందురు.

పోషకమహాశయులారా! మీరు ధనమిచ్చుచున్నారు, సంతోషము. కాని గడువు దాటిన పిదప వచ్చిన సహాయము, పంట యెండిన పిదప వదలిన కాలువనీరు వంటిది. కావున మన సంఘమునకు వచ్చు ప్రతి విద్యార్థి దరఖాస్తునకును ఏడు దినములలోపల ఔననియో కాదనియో బదులీయవలెనని యీ సభ తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాము. కాదన్నను మేలే, పిల్లవాడు వేరొక వాకిలి తట్టుకొనును.

రేపు కొండనెక్కినప్పు డా నీడ గడియారముకడ నొక్క విఘడియ నిలువుడు. కార్యదర్శిగారు మాకు అరగడియ యిచ్చిరి. అది తీరకమునుపే సెలవు గైకొనుచున్నాము.