ఆకలికీ ఆయుష్షుకీ మధ్య

పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర, పోషకాహార విద్యార్థులందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్‌కే బృందం ఎలుకలకు విటమిన్లు, ఖనిజాలు లోటు లేకుండా పెట్టి, కేలరీలు మాత్రం తగ్గించింది. మగ ఎలుకల ఆయుష్షు బాగా పెరిగింది. తిండి తగ్గడమే దీనికి కారణమని శాస్త్రలోకం చాలాకాలం అనుకుంది.

2023లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ప్లెచర్ బృందం ఇంకో ప్రశ్న వేసింది: మేలు చేస్తున్నది తిండి తగ్గడమా, ఆకలి వేయడమా? పండ్ల ఈగల మెదడులో ఆకలి పుట్టించే న్యూరాన్లను ఎర్ర కాంతితో ప్రేరేపించి చూశారు. ఆ ఈగలు మిగతా వాటికంటే ఎక్కువే తిన్నాయి. అయినా ఎక్కువ కాలం బతికాయి! ఆకలి కొనసాగేకొద్దీ మెదడు కణాల్లో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలోనూ మార్పులు కనిపించాయి. అంటే తిండి లోటును మెదడు ఎలా గ్రహిస్తుందన్నది కూడా వయసు మీద ప్రభావం చూపగలదు. ఇంత అందమైన ప్రయోగాలు అరుదు.

కానీ ఈగ నుంచి మనిషికి దారి చాలా దూరం. అమెరికాలో కేలరీ (CALERIE) అనే పేరుతో జరిగిన అధ్యయనంలో ఆరోగ్యవంతులు రెండేళ్ల పాటు 25 శాతం కేలరీలు తగ్గించుకోవాలనుకున్నారు. సగటున 12 శాతమే తగ్గించగలిగారు. రక్తపోటు, కొలెస్టరాల్ మెరుగుపడ్డాయి. ఎముకల సాంద్రత మాత్రం కొంత తగ్గింది. మనిషి ఆయుష్షు పెరుగుతుందని ఇంకా ఎవరూ నిరూపించలేదు.

ఇంకో మాట మరవకండి. మెక్‌కే ఎలుకలకు పోషకాలు అందాయి. పేదింటి బిడ్డ ఆకలిలో అవి కూడా ఉండవు. ఎంచుకున్న మితాహారం వేరు, తప్పని పస్తు వేరు. ఈ పరిశోధనను చూపించి రెండోదాన్ని ఎవరైనా సమర్థిస్తే గట్టిగా అడ్డుకోండి.

రేపు షుగర్ మందులు వాడే పెద్దాయన ఒకరు మీ దగ్గరికొచ్చి, "కడుపు మాడ్చుకుంటే ఎక్కువ కాలం బతుకుతారటగా?" అని అడుగుతారు. ఆయనకు ఈగల సంగతి చెప్పండి, మనుషుల్లో ఇంతవరకు తేలింది చెప్పండి, డాక్టరును అడగకుండా పస్తులుండవద్దనీ చెప్పండి. తెలిసినంతే చెప్పే ధైర్యం, తెలియనిదాన్ని వెతికే ఓపిక ఈ పట్టాతో పాటు మీరు మోయవలసిన బాధ్యతలు. వాటిని నిలబెట్టుకోండి. మీకు శుభం కలగాలి.