వరద నీరు చెప్పి వస్తుంది – ఈలోపు మనం చేసుకోవలసిన పనులు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా పెద్దలు చదివి వినిపించారు. మాకు ఇచ్చిన టైములో మేము ఒక్క సంగతే మాట్లాడదామనుకున్నాం. తొలకరి వచ్చేసింది. కాలువలకి నీళ్ళు వదిలే రోజులు. ఇక్కడి నుంచి నవంబరు దాకా మనకి వానలు, వాయుగుండాలు. ఈ రోజుల్లో వరద వస్తే మన ఇంట్లో ఏం చేసుకోవాలి, మన సంఘం ఏం చెయ్యాలి అన్నదే ఆ సంగతి.

కొండ ఊళ్ళలో వరద గంటలో వచ్చి గంటలో పోతుంది. మనది అలా కాదండి. మన కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలాగా ఉంది. మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు, చింతలపూడి వైపు నుంచి తమ్మిలేరు, ఇంకా రామిలేరు, గుండేరు, అరవైకి పైగా డ్రెయిన్లు అన్నీ వచ్చి అందులోనే పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. అది సముద్రంలో కలవాలంటే సుమారు 60 కిలోమీటర్లు పోవాలి. మధ్యలో పూడిక, గుర్రపుడెక్క. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు కూడా నిదానిస్తుంది. వచ్చే గుమ్మాలు అరవై, పోయే గుమ్మం ఒకటి. అందుకే మన దగ్గర నీరు మెల్లగా ఎక్కుతుంది, ఎక్కాక రోజుల తరబడి కదలదు.

2024లో ఇది అందరం చూశాం. ఆగస్టు 31న, సెప్టెంబరు 1న పడ్డ వానకి బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. గండ్లు మూడూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. టీవీల వాళ్ళందరూ విజయవాడలో ఉన్నారు. ఆ నీరు తర్వాత ఎక్కడికి వెళ్ళింది? కొల్లేరుకే కదా. మండవల్లి, కైకలూరు, ఏలూరు మండలాల్లో లంక గ్రామాల చుట్టూ నీరు చేరింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. విజయవాడలో వాన తగ్గి ఎండ కాస్తుంటే ఇక్కడ నీరు పెరుగుతూనే ఉంది. మన మండలంలో ఆగడాలలంక, చెట్టున్నపాడు అక్కలకి ఈ మాట మేము చెప్పక్కర్లేదు, వాళ్ళే మాకు చెప్పాలి.

నీరు ఎందుకు నిలుస్తుందో అన్న దాని మీద మనలో మనకే రెండు మాటలున్నాయి. 1999లో కొల్లేరుని ఐదో కాంటూరు వరకు పక్షుల అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు నీటికి అడ్డం అనేవాళ్ళూ మనలో ఉన్నారు. ఆ చెరువుల మీద కూలికి వెళ్ళి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళూ మనలోనే ఉన్నారు. ఆ తగువు ఈ సభలో తేలేది కాదు. నీరు వస్తే మాత్రం ఇద్దరి ఇంట్లోకీ వస్తుంది.

ఇందులో మనకి ఉన్న మేలు ఒకటే అండి. నీరు చెప్పి వస్తుంది. పైన వాన పడినట్టు వార్త విన్నాక మనకి ఒక రోజో రెండు రోజులో టైము ఉంటుంది. ఆ టైముని చూస్తూ కూర్చుని పోగొట్టుకోకూడదు.

మొదటిది కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పొలం పాసుపుస్తకం, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు. అన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి మడిచి కట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టండి. ఒక్కొక్క కాగితం ఫోన్లో ఫోటో తీసి, వేరే ఊళ్ళో ఉన్న అక్కకో ఆడపడుచుకో పంపండి. మన ఫోను తడిసినా వాళ్ళ దగ్గర ఉంటుంది. సంఘం మినిట్స్ పుస్తకం, పొదుపు అప్పుల పుస్తకం కూడా అంతే. ఆ పుస్తకాలు ఎవరి ఇల్లు మెరకలో ఉంటే వాళ్ళింట్లో పెట్టాలి. లీడరు ఇల్లు పల్లంలో ఉంటే లీడరు ఇంట్లో పెట్టకూడదు.

రెండోది తాగే నీళ్ళు. చుట్టూ నీళ్ళే ఉంటాయి గానీ గ్లాసుడు తాగడానికి ఉండవు. వరద వార్త రాగానే మూత ఉన్న బిందెలు, క్యాన్లు నింపి అటక మీదో మంచం మీదో పెట్టుకోండి. నీరు మురికిగా ఉంటే కొంచెం పటిక తిప్పి, తేర్చి, గుడ్డతో వడకట్టి, తర్వాత మరగబెట్టండి. తెర్లడం మొదలైన తర్వాత కనీసం ఒక నిమిషం ఉంచాలి. గ్యాసు లేకపోతే ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ బిళ్ళలు తీసుకుని, ఎన్ని లీటర్లకి ఎన్ని బిళ్ళలో కవరు మీద చూసి వేసి, అరగంట ఆగి తాగండి.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. మరిగిస్తే క్రిములు చస్తాయి. పురుగుమందు పోదు, సీసం పోదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఫిట్స్ వచ్చినట్టు పడిపోయారు. పట్నంలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయాడని విన్నాం. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో వచ్చింది. పురుగుమందుల మీద కూడా నిపుణులు అనుమానం చెప్పారు. మరి మన వరద నీరు ఎక్కడి నుంచి వస్తుంది? మందు కొట్టిన చేల మీద నుంచి, చెరువుల మీద నుంచే కదా. అందుకని నిలవ నీటిని ఎంత మరిగించినా తాగడానికి వాడొద్దు, కూరగాయలు కడగడానికీ వాడొద్దు. ట్యాంకరు నీళ్ళు, ముందు పట్టుకున్న నీళ్ళే వాడాలి. పురుగుమందు డబ్బా కడిగి నీళ్ళు పట్టుకునే అలవాటు ఎవరింట్లో ఉన్నా ఈ రోజుతో మానేద్దాం.

మూడోది ప్రాణం జాగ్రత్త. నీరు గుమ్మం దగ్గరికి రాకముందే మెయిన్ ఆపెయ్యండి. నీరు పోయాక గోడలు తడిగా ఉండగా స్విచ్ వెయ్యొద్దు, లైన్‌మేన్ చూశాకే వెయ్యాలి. తీగ తెగితే 1912కి చెప్పండి. నీటితోపాటు పాములు మెరకకి వస్తాయి, అంటే మన ఇంట్లోకే. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విరుగుడు ఇంజక్షను అక్కడే ఉంటుంది. పిల్లలకి విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలపండి. పొట్లం లేకపోతే లీటరు మంచి నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా.

నాలుగోది గొడ్డూ గోదా. గేదెని కట్టుతాడు మీద వదిలేసి వెళ్ళొద్దు. మెరకకి తోలలేకపోతే కనీసం తాడు విప్పెయ్యండి, అది ఈదుకుంటుంది. జబ్బు చేస్తే 1962కి ఫోన్ చెయ్యాలి. చనిపోతే ముందు ఫోటో, తర్వాత పశువుల డాక్టరు గారి సర్టిఫికెట్, ఆ తర్వాతే పూడ్చడం. 2022 నుంచి 2026 వరకు ఉన్న విపత్తు సాయం లెక్కలో పాడి గేదెకి 37,500 రూపాయలు, గొర్రెకి మేకకి 4,000 అని ఉంది. కాగితం లేకుండా పూడ్చేస్తే ఆ డబ్బు కూడా పూడ్చినట్టే.

ఐదోది నష్టం రాసుకునే రోజు. 2024లో విజయవాడలో ఇల్లిల్లూ తిరిగి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా తీసుకుని రాశారు. మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 ఇచ్చారు. అంటే రాసుకున్న పేరుకే డబ్బు. మా సంఘంలో పదకొండు మందిమి ఉన్నాం. నలుగురివి అద్దె ఇళ్ళు. ఒక ఏడాది లెక్క రాసేవాళ్ళు వచ్చేసరికి మాలో ఒకామె పిల్లలతో స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో ఉంది. ఇంటికి తాళం ఉందని ఆ ఇల్లు వదిలేసి వెళ్ళిపోయారు. తర్వాత ఎన్నిసార్లు తిరిగినా పేరు ఎక్కలేదు. మునిగింది ఆమె మంచం, ఆమె బియ్యం, ఆమె కుట్టుమిషను.

అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. నీరు ఇంట్లో ఉండగానే గోడ మీద నీటి చార కనపడేలా, ఇంటి నంబరు కనపడేలా ఫోటో తీస్తాం. అద్దె ఇల్లయితే అందులో ఎవరుంటున్నారో సంఘం పుస్తకంలో ముందే రాసుంటుంది. లెక్క రాసేవాళ్ళు వచ్చిన రోజు సంఘం నుంచి ఇద్దరం వాళ్ళ వెంట వీధంతా నడుస్తాం. జాబితా సచివాలయంలో అంటించగానే పదకొండు పేర్లూ చూస్తాం. పేరు లేకపోతే నోటిమాట కాదు, అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంటాం.

కౌలు చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ-పంటలో సాగు చేసేవారి పేరు లేకపోతే పంట నష్టం డబ్బు వేరేవాళ్ళకి పోతుంది. నాట్లు పడ్డాక రైతు సేవా కేంద్రానికి వెళ్ళి నమోదు ఎవరి పేరున ఉందో కళ్ళారా చూసుకోండి. కౌలు కార్డుకి భూమి ఆసామి ఒప్పుకోవట్లేదని చాలామంది చెబుతున్నారు. ఒక్కళ్ళం అడిగితే గొడవ అవుతుంది. గ్రామ సమాఖ్య అంతా కలిసి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

ఆరోది మన అప్పులు. వరదలో కూలి పనులుండవు. వాయిదా మాత్రం ఆగదు. అప్పుడే వాకిట్లోకి రోజువారీ ఫైనాన్సు వస్తాడు. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటాడు. తొమ్మిది వేలకి మూడు నెలల్లో వెయ్యి రూపాయలు పోయినట్టు. అదే డబ్బు సంఘంలో రూపాయి వడ్డీకి మూడు నెలలకి 270 అవుతుంది. తేడా 730. అది ఇంటికి నెల పాలు.

మా సంఘం ఏం తీర్మానించిందంటే, ఆగస్టు నుంచి నవంబరు వరకు వచ్చే పొదుపుని అప్పులకి ఇవ్వకుండా ఖాతాలోనే ఉంచుతాం. తలకి 200 చొప్పున పదకొండు మందికి నెలకి 2,200, నాలుగు నెలలకి 8,800. వరద వస్తే మునిగినవాళ్ళకి ఆ రోజే ఇస్తాం. రాకపోతే డిసెంబరులో మామూలుగా అప్పులకి ఇస్తాం. డబ్బు ఊరికే పెడితే వడ్డీ పోతుంది కదా అని మాలోనే ఇద్దరు వాదించారు. లెక్క వేశాం. నాలుగు నెలలకి కలిపి పోయే వడ్డీ 220, అంటే తలకి ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలకి ఫైనాన్సు వాడి గుమ్మం తొక్కకుండా ఉంటామంటే ఆ ఇద్దరూ సంతకం పెట్టారు.

ఇరవై అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రెండు లక్షలు వస్తాయి. మే నెలాఖరులో ఆ ఇరవై మీ ఖాతాలో కట్ అయిందో లేదో పాసుపుస్తకంలో చూసుకోండి. బ్యాంకు అప్పు సంగతి కూడా చెప్తాం. ప్రకృతి వైపరీత్యం ప్రకటించిన చోట వాయిదాలు మార్చి రాసే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అది దానంతటదే జరగదు. సంఘం తీర్మానం రాసి మేనేజరు గారికి ఇవ్వాలి. వాయిదా తప్పాక కాదు, తప్పకముందే.

ఫోన్ నంబర్లు తలుపు వెనకాల సుద్దతో రాసుకోండి. ఏ ఆపదకైనా 112, జిల్లా కంట్రోల్ రూముకి 1077, ఆంబులెన్సుకి 108.

చివరిగా మండల సమాఖ్యని మేము మూడు అడుగుతున్నాం. ప్రతి గ్రామ సమాఖ్యలో పల్లంలో ఉన్న ఇళ్ళ జాబితా, గర్భిణుల, మంచాన పడ్డవాళ్ళ జాబితా జూలైలోగా రాయించండి. నష్టం లెక్క రాసేటప్పుడు సంఘం మనుషులు వెంట ఉండేలా తహసీల్దారు గారికి ఇప్పుడే వినతిపత్రం ఇవ్వండి. మా 8,800 లాంటి తీర్మానం ప్రతి సంఘమూ ఈ నెల మీటింగులో చర్చకి పెట్టాలని సర్క్యులరు పంపండి. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ సంఘం ఇష్టం. చర్చ మాత్రం జరగాలి.

ఉప్పుటేరు వెడల్పు చెయ్యడం మన చేతుల్లో లేదండి. కవర్లో కాగితాలు, బిందెలో మంచి నీళ్ళు, పుస్తకంలో పేరు, ఖాతాలో నాలుగు నెలల పొదుపు, ఇవి నాలుగూ మన చేతుల్లోవే.