కావలి సోదరులు కూర్చిన ఊళ్ల కాగితాలు

నల్లగొండ జిల్లా కట్టంగూర్ చుట్టుపక్కల ఏ ఊరి పాత చెరువు దగ్గర నిలబడినా కట్ట, తూము, అలుగు కనిపిస్తాయి. ఎవరు తవ్వించారు, తూము కింద ఎవరికి మాన్యం ఇచ్చారు అని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఇలాంటి సంగతులు పోగుచేయించిన ఒక ఇంజనీరు గురించి, అంతకంటే ముఖ్యంగా ఆయన వెనక నిలిచిన ఏలూరు అన్నదమ్ముల గురించి ఇవాళ చెబుతాను.

ఆ ఇంజనీరు కాలిన్ మెకంజీ, స్కాట్లండు మనిషి. 1783లో మద్రాసు వచ్చి ఈస్టిండియా కుంపిణీ సైన్యంలో ఇంజనీరయ్యాడు. 1790లలో నిజాం రాజ్యంలో తిరిగి పటాలు గీశాడు. 1815లో మన దేశానికి మొదటి సర్వేయర్ జనరల్. అయితే ఆయనకు దేశభాషలు రావు. ఆ లోటు తీర్చిన అన్నదమ్ములు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

రాతి మీది శాసనాన్ని ఉన్నది ఉన్నట్టు కాగితానికి ఎక్కించే పద్ధతిని బొర్రయ్య కనిపెట్టాడు. 1803లో, ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఆయన పంపిన మనుషులు కరణాల ఇళ్లకు వెళ్లి ఊరి రికార్డులైన దండకవిలెలు విప్పించి నకలు రాసుకున్నారు. ఊరు ఎవరు కట్టించారు, గుడికి ఎంత భూమి, చెరువు ఎవరిది, కరువులో జనం ఎటు పోయారు, అన్నీ అందులో ఉన్నాయి. అవే కైఫీయత్తులు.

1821లో మెకంజీ మరణించాక కుంపిణీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. లక్ష్మయ్య పని కొనసాగిస్తానని అడిగితే, స్థానికుడికి అంత సమర్థత లేదని పక్కన పెట్టారు. పని చేసిన చేతులకు దక్కిన గౌరవం అది! ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత శిథిలమవుతున్న ప్రతులకు కుంపిణీ అధికారి సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఆ సంపుటాలు నిలిచాయి. కడప కైఫీయత్తులు పుస్తకాలుగా కూడా వచ్చాయి.

అలాంటి కాగితాలు మన ఇళ్లలోనూ ఉండొచ్చు. మీ ఇంట్లో పటేల్, పట్వారీల కాలం నాటి సేత్వార్, పహాణీ, నక్షా లాంటి భూమి కాగితాలు ఉన్నాయా? చెరువు మరమ్మతుకు మేస్త్రీ రాసిన లెక్కల పుస్తకం ఉందా? ఉర్దూలో ఉందనో, చెదలు పట్టిందనో పాత కాగితాలవాడికి వేయకండి. ముందు ఫోటో తీయించండి. తరువాత హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం వారికి చూపించండి.